గోడ మీద మూడు రంగుల గీతలు

కొత్తగా సూది పట్టుకున్న పిల్లలు నా దగ్గరికి వస్తే, టీ తాగడం పూర్తికాకముందే అడిగే ప్రశ్న ఒకటుంది. "మేడం, ఆక్యుపంక్చర్‌లో ఇన్ని పద్ధతులున్నాయి కదా, ఏది మంచిది?" ఉద్యోగంలో చాలాకాలం దీనికి తడుముకోకుండా జవాబు చెప్పేదాన్ని. నాదే మంచిది అనేదాన్ని. కాదన్నవాళ్లతో రెండు మూడు రోజులు మాట్లాడటం కూడా మానేసేదాన్ని. రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు ఎవరైనా అడిగితే జవాబుకు బదులు ఒక పేషెంటు సంగతి చెబుతున్నాను. అందులో నాకు పేరు తెచ్చే విషయం ఏమీ లేదు. ఆ ముక్క ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి.

మా క్లినిక్ అమీర్‌పేటలో, మెట్రో స్టేషన్ దిగి సందులోకి తిరిగితే మూడో అంతస్తులో ఉండేది. కింద జిరాక్స్ షాపు, రెండో అంతస్తులో అమ్మాయిల హాస్టలు, ఎదురు బిల్డింగ్ నిండా కోచింగ్ సెంటర్ల ఫ్లెక్సీలు. క్లినిక్‌లో వైద్యం చేసేది ముగ్గురం. క్లినిక్ పెట్టిన పెద్ద డాక్టరు గారు, నేను, బల్కంపేట నుంచి వచ్చే ఒకావిడ. ఆవిడ నాకన్నా మూడేళ్లు పెద్ద. పేషెంట్లూ, జిరాక్స్ షాపువాళ్లూ, చివరికి ఆవిడకన్నా పదేళ్లు పెద్దయిన డాక్టరు గారు కూడా ఆవిడని అక్క అనే పిలిచేవాళ్లు. నన్ను మాత్రం అందరూ మేడం అనేవాళ్లు. అది గౌరవమే అనుకునేదాన్ని.

ముగ్గురిదీ చైనా విద్యే, కానీ మూడు దారులు. నాది ఇప్పుడు అక్కడి కాలేజీల్లో ఎక్కువగా నేర్పే దారి. నొప్పి ఉన్నచోటా, దాని చుట్టూ సూదులు లోతుగా దించాలి. దించి తిప్పాలి. లోపల బరువుగా, ఎవరో లాగుతున్నట్టు అనిపించేదాకా తిప్పాలి. దాన్ని మేం 'పట్టు' అనేవాళ్లం. పట్టు రాకపోతే సూది గుచ్చినట్టే కాదని నా గురువు నేర్పాడు, నేను అక్షరం పొల్లు పోకుండా నమ్మాను. అక్కది పాత గ్రంథాలు పట్టుకుని వచ్చిన పద్ధతి. రెండు మణికట్ల మీదా మూడేసి వేళ్లు పెట్టి పది నిమిషాలు నాడి చూసేది. పొట్ట తడిమేది. ఆ తర్వాత వెంట్రుకంత సూదుల్ని నాలుగో ఐదో, చర్మానికి తెలిసీ తెలియనంత పైపైన నిలబెట్టేది. పేషెంటు హాయిగా గురకపెట్టేవాడు. పెద్ద డాక్టరు గారు అసలు నొప్పి ఉన్నచోటు ముట్టుకోరు. కుడి భుజం నొప్పి అంటే ఎడమ కాలు మోకాలి కింద ఒక్క సూది పెట్టి, "ఊఁ, ఇప్పుడు చెయ్యి ఆడించు" అంటారు.

నాకూ అక్కకూ రోజూ వాదనే. "పొడిసి పొడిసి మనిషిని జల్లెడ చేస్తున్నవ్ చెల్లె" అనేది ఆవిడ. "మీరు గుచ్చినట్టు మీ సూదికైనా తెలుస్తోందా అక్కా?" అనేదాన్ని నేను. మధ్యాహ్నం ఒకే టేబుల్ దగ్గర డబ్బాలు విప్పి, ఆవిడ తెచ్చిన పచ్చిపులుసు నేను పోసుకుంటూ, నా గోంగూర ఆవిడ వేసుకుంటూ కూడా ఇదే గొడవ.

అలాంటి రోజుల్లో ఒకతను వచ్చాడు. నలభైకి దగ్గరగా ఉంటాడు. జనగామ వైపు వ్యవసాయం చేసుకునే ఇంటినుంచి వచ్చి, ఎదురు బిల్డింగ్‌లో డేటాబేస్ కోర్సు చెబుతున్నాడు. కుడి భుజం బిగుసుకుపోయి ఐదు నెలలైంది. చెయ్యి ఛాతీ ఎత్తు దాటదు. సోమాజిగూడలో ఎముకల డాక్టరుకు చూపించుకున్నాడు. షుగర్ ఉన్నవాళ్లకు ఇది మామూలే, వ్యాయామం చెయ్యి, తగ్గడానికి ఏడాదైనా పట్టొచ్చని ఆయన చెప్పాడట. ఇతనికి అంత వ్యవధి లేదు, ఎదురుగా డెమో ఉంది.

అమీర్‌పేట సంగతి తెలియనివాళ్లకు డెమో అంటే ఏమిటో చెప్పాలి. కొత్త బ్యాచ్ మొదలుపెట్టే ముందు మొదటి క్లాసు ఉచితంగా చెబుతారు. ఉద్యోగం లేని పిల్లలూ, ఉన్న ఉద్యోగం మారాలనుకునేవాళ్లూ హాలు నిండా కూర్చుంటారు. నచ్చితే చేరతారు, నచ్చకపోతే పక్క బిల్డింగ్ మెట్లెక్కుతారు. ఇతని గత రెండు డెమోలకు బ్యాచ్ సగం కూడా నిండలేదు. ఈసారి కూడా అంతే అయితే వేరే మనిషిని పెట్టుకుంటానని ఇన్‌స్టిట్యూట్ యజమాని మొహం మీదే చెప్పేశాడు. డెమోకు మూడు వారాలుంది, సోమవారం పొద్దున.

"నా క్లాసంత బోర్డు మీదనే మేడం. స్లైడ్లు పెట్టి సదివేటోన్ని కాదు. నేను రాసుకుంట చెప్తనే పిల్లలకు ఎక్కుతది. చెయ్యి లేస్తలేదని ఇంకా ఎవరికీ చెప్పలే. చెప్తే ఇంక నన్నెవలు ఉంచుకుంటరు?" అన్నాడు.

నాకు పట్టుదల వచ్చేసింది. మూడు వారాల్లో ఈ చెయ్యి లేపకపోతే నేను సూది పట్టను అన్నాను. అక్క, "దానికి శెపథమెందుకు?" అంది. మళ్లీ మాటా మాటా పెరిగింది. మా గొడవతో విసిగిపోయిన పెద్ద డాక్టరు గారు చివరికి ఒక పంపకం చేశారు. సోమవారం నాది, బుధవారం అక్కది, శుక్రవారం ఆయనది. వైద్యానికి ముందూ తర్వాతా పేషెంటు గోడ పక్కన నిలబడి చెయ్యి ఎంత ఎత్తగలిగితే అంత ఎత్తాలి. వేళ్ల కొన అందినచోట పెన్సిల్ గీత. నాకు ఎర్ర పెన్సిల్, అక్కకు నీలం, ఆయనకు ఆకుపచ్చ. ఎవరి రోజున ముందు గీతకూ వెనక గీతకూ ఎక్కువ ఎడం ఉంటే వాళ్ల పద్ధతి గొప్పదన్నమాట. ఇంత చదువుకున్న ముగ్గురం, స్కూలు పిల్లల్లా రంగు పెన్సిళ్లు పంచుకున్నాం.

మొదటి సోమవారం నా గీత నాలుగు వేళ్లు పెరిగింది. బుధవారం అక్కది వేలెడు. శుక్రవారం డాక్టరు గారిది రెండు వేళ్లు. నేను ఆ వారమంతా గోడ ముందు అవసరం లేకపోయినా నాలుగుసార్లు తిరిగాను. రెండో సోమవారం కూడా ఎరుపే పైన. ఒక్క చిక్కు మాత్రం ఉంది. సోమవారం నా దగ్గర అంత ఎత్తు లేచిన చెయ్యి బుధవారం వచ్చేసరికి మళ్లీ పాత చోటికే దిగిపోయేది. పట్టు చాలడం లేదు అనుకున్నాను. ఇంకా లావు సూది తీశాను, ఇంకా తిప్పాను. అతను బల్ల అంచు పట్టుకుని కళ్లు మూసుకునేవాడు. అయిపోగానే, "తగ్గింది కదా?" అనేదాన్ని. "మస్తు తగ్గింది మేడం" అనేవాడు. పట్టుకున్న అంచు వదిలేవాడు కాదు.

రెండో బుధవారం అతను వెళ్లాక అక్క నన్ను బాల్కనీలోకి పిలిచింది.

"సూది పెడదామని చొక్క ఇప్పిస్తే జబ్బ మీద ఇంత ఎడల్పు నల్లగ కమిలి ఉన్నది. నువ్వు చూసినవా?"

"లోతుగా పడితే ఒక్కోసారి కములుతుంది. మీకు తెలియనిదా?"

"సరే. గోడకాడ నిలబడ్డప్పుడు ఆని మడిమలు చూసినవా? నా దినం నేల మీదనే ఉంటయి. సార్ దినం సుత నేల మీదనే. నీ దినం లేస్తయి. మునివేళ్ల మీద నిలబడి, నడుము వంచి, గీత ఎక్కిస్తుండు."

"ఓడిపోతున్నామని ఇలాంటివి పుట్టించకండి అక్కా."

అక్కకు కోపం రాలేదు. అది ఇంకా మండించింది నన్ను. "గెల్సుడు ఓడుడు నాకెందుకు చెల్లె. వాడు నీకు భయపడ్తుండు" అని లోపలికి పోయింది.

మర్నాడు సాయంత్రం ఐదింటికి ఎదురు బిల్డింగ్ మెట్లెక్కాను. జాలితో వెళ్లానని అనుకోకండి. అక్కది తప్పని కళ్లారా చూసి వచ్చి, శుక్రవారం అందరి ముందూ ఆ మాట అనాలని వెళ్లాను. అతని రోజువారీ క్లాసు జరుగుతోంది. అద్దాల తలుపు బయట నిలబడితే బోర్డంతా కనిపిస్తుంది.

బోర్డు పై సగం తెల్లగా ఉంది. ఒక్క అక్షరం లేదు. అతను రాస్తున్నదంతా ఛాతీ ఎత్తు నుంచి కిందికే. అక్కడ చోటు అయిపోతే ఒంగి, ఇంకా అయిపోతే ఒక మోకాలు నేలకు ఆన్చి రాస్తున్నాడు. ఎడమ అరచేత్తో కుడి మోచేతిని కింద నుంచి మోస్తున్నాడు. వెనక వరుసలో ఒకమ్మాయి లేచి, "సార్, కనిపిస్తలేదు" అంది. "జర ముందటికి జరగండి అమ్మా" అన్నాడు. ముందుకు జరగడానికి కుర్చీలు ఖాళీ లేవు. ఇద్దరు పిల్లలు బ్యాగులు తీసుకుని లేచి, నన్ను దాటుకుని మెట్లు దిగిపోయారు. నేను గోడ మీద నాలుగు వేళ్లు పెంచిన చెయ్యి అది.

సిగ్గుతో తలవంచుకున్నానని రాస్తే బాగుంటుంది గానీ, ముందు నాకు వచ్చింది కోపం, అదీ అతని మీద. ఇన్ని రోజులుగా నాకు అబద్ధం చెప్పాడు కదా అని. ఆటో ఎక్కకుండా పంజాగుట్ట దాకా నడిచాను. ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కుని నిలబడ్డప్పుడు, బల్ల అంచు పట్టుకున్న అతని వేళ్లు కళ్ల ముందుకొచ్చాయి. ఒక్కసారైనా నొప్పిగా ఉందా అని అడిగానా అని వెతుక్కున్నాను. లేదు. ఆ రోజే కాదు, ఈ ఇరవై రెండేళ్ల వైద్యంలో ఎంతమందిని అడిగానో కూడా గుర్తుకు రాలేదు. అప్పుడు వచ్చింది సిగ్గు.

శుక్రవారం పొద్దున్నే వెళ్లి తడి గుడ్డతో గోడ తుడిచేశాను. పెద్ద డాక్టరు గారు వచ్చేసరికి అక్కడ ఎర్రని మరక మిగిలింది. జరిగింది జరిగినట్టు ఇద్దరికీ చెప్పాను. "ఇంకా పది రోజులుంది. మీరు ఏం చేయమంటే అది చేస్తాను. అతను బోర్డు పైన రాయాలి" అన్నాను. డాక్టరు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అమ్మా, తప్పు నాది కూడా. అతను గోడకు చెయ్యి ఆనిస్తే ఎవడికి కావాలి? రాయాల్సింది బోర్డు మీద కదా, మనం బోర్డు తెప్పించలేదు" అన్నారు.

ఆ మధ్యాహ్నమే బోర్డు వచ్చింది. ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నంత ఎత్తులో మేకులు కొట్టించాం. ముగ్గురం కలిసి ఒకే పేషెంటును చూడటం ఆ క్లినిక్‌లో అదే మొదటిసారి. రోజూ ముందు అక్క నాడి చూసి, పైపైన సూదులు పెట్టి ఇరవై నిమిషాలు పడుకోబెట్టేది. షుగర్ మనిషి కదా, తిని వచ్చాడో లేదో అక్కే అడిగేది. తర్వాత ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి, డాక్టరు గారు ఎడమ కాలు పిక్క పక్కన సూది పెట్టి మెల్లగా కదిలిస్తుంటే, అతను మార్కర్ పట్టుకుని బోర్డు మీద పైకి, ఇంకా పైకి రాయాలి. నాకు మాత్రం అక్క సూది ఇవ్వలేదు.

"నువ్వు సూది ముట్టకు. కూసో. ఎట్లున్నదని అడుగు, ఆయన ఏం చెప్తే అది రాయి."

ఇరవై రెండేళ్ల అనుభవం ఉన్నదాన్ని, నోట్‌బుక్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎలా ఉంది అని అడిగితే నావైపు చూసి, "నయముంది మేడం" అనేవాడు. అక్క వైపు తిరిగి, "అక్కా, గీడ పట్టేసింది" అనేవాడు. నేను రెండూ రాసుకునేదాన్ని. భయం ఒక్క రోజులో పోయేది కాదని నాకూ అర్థమైంది, అందుకని వేరే దారి పట్టాను. "ఊరికే గీతలెందుకు, మీ డెమో పాఠమే రాయండి, నాకు నేర్పండి" అన్నాను.

అలా అరవైకి దగ్గరపడ్డ వయసులో డేటాబేస్ నేర్చుకున్నాను. రెండు టేబుళ్లు, అంటే పట్టికలు, కలపాలంటే రెండింట్లోనూ ఉమ్మడి కాలమ్ ఒకటి ఉండాలట. నేను తప్పు చెబితే నవ్వు ఆపుకోలేకపోయేవాడు. "గట్ల కలిపితే మేడం, ఒకని జీతం ఇంకొకని ఖాతాల పడ్తది!" అనేవాడు. కాలికి సూదితో, కుడిచెయ్యి పైకెత్తి, నవ్వుతూ పాఠం చెబుతుంటే వరండాలో వెయిట్ చేసే పేషెంట్లు కూడా తొంగిచూసేవాళ్లు. చెయ్యి రోజుకు కొంచెం లేచేది. ఈసారి నేను చూసింది మడిమల్ని. స్టూలు దింపి, నిలబెట్టి రాయించినప్పుడు కూడా అవి నేల మీదే ఉన్నాయి.

డెమోకు నాలుగు రోజుల ముందు అక్క అతని భుజం ముందు భాగంలో వేలు పెట్టి ఆగిపోయింది. "ఈ ఒక్క ముడి నాతోని పోతలేదు. ఇది నీదే. రా" అంది. చేతులు కడుక్కుని వచ్చాను. సన్న సూది తీశాను. "ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతాను, చెప్పండి" అన్నాను. "కానియ్యండి మేడం" అన్నాడు. కొద్దిగా తిప్పాను. అతను ఏమీ అనలేదు గానీ కాలి వేళ్లు ముడుచుకున్నాయి. తీసేశాను. ముడి కొంత సడలింది. చెప్పమన్నా చెప్పలేదన్న బాధ మాత్రం నాకు మిగిలింది.

సోమవారం పొద్దున తొమ్మిదింటికి నేనూ అక్కా డెమో హాల్లో వెనక బెంచీలో కూర్చున్నాం. అరవై మందికి తక్కువ లేరు. పక్కనున్న అమ్మాయి, "ఆంటీ, కోర్సు మీవాళ్లెవరికి?" అని అడిగితే అక్క, "నాకే బిడ్డా. నేనెందుకు నేర్సుకోవద్దు?" అంది. యజమాని తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

అతను మొదటి మాట బోర్డుకు పై అంచున రాశాడు. వెనక బెంచీకి కూడా స్పష్టంగా కనిపించేంత పెద్దగా రాశాడు. అక్క నా చెయ్యి గట్టిగా నొక్కింది. పావుగంట, అరగంట, ముప్పావుగంట. పాఠం నాకు తెలిసిందే కాబట్టి నేను బోర్డు చూడలేదు, అతని మోచెయ్యి చూస్తూ కూర్చున్నాను. ముప్పావుగంట దాటాక అది కిందికి జారడం మొదలైంది. రాత వాలిపోయింది. ఎడమ చెయ్యి ఆసరాకు వచ్చింది. యజమాని గుమ్మంలోంచి ఒక అడుగు లోపలికి వేశాడు. ముందు వరుసలో ఎవరో ఫోన్ తీసి చూసుకుంటున్నారు. ఇంక పళ్లు బిగించి లాగేస్తాడు, లేదంటే ఛాతీ కిందకు దిగిపోతాడు అనుకున్నాను. నేను చూసినంతలో అతను చేసింది ఎప్పుడూ ఆ రెండే.

మార్కర్‌కు మూత పెట్టాడు. పిల్లల వైపు తిరిగాడు.

"ఒక్క మాట చెప్తా. నాకు కుడి భుజం పట్టేసి ఆరు నెలలు కావస్తున్నది. వైద్యం నడుస్తున్నది. ఇప్పుడు మస్తు నొస్తున్నది. ఐదు నిమిషాలు రాయ. అందాక మీరు అడగున్రి, నోటితోనే చెప్తా."

యజమాని అక్కడే ఆగిపోయాడు. మా పక్కనున్న అమ్మాయి చెయ్యెత్తి ఏదో సందేహం అడిగింది. అతను చెప్పాడు. ఇంకొకరు లేచారు, ఆ వెనకే మరొకరు. ఐదు నిమిషాలు పావుగంటైంది. ఫోన్ చూసుకుంటున్నతను కూడా లేచి అడిగాడు. తర్వాత అతను మళ్లీ మార్కర్ తీసి, మధ్యమధ్య ఆగుతూ, పాఠం పూర్తిచేశాడు. ఆ సాయంత్రానికి బ్యాచ్ నిండింది. వేరే మనిషి మాట యజమాని మళ్లీ ఎత్తలేదని తర్వాత తెలిసింది.

ఏ పద్ధతి ఆ చేతిని లేపిందో నాకు ఇప్పటికీ తెలియదు. తనంతట తానే సడలే జబ్బు అది, కాలమే చేసిన పని కూడా కావచ్చు. మెట్లు దిగుతూ అక్క, "చెయ్యి మంచిగ లేసింది కదనే" అంది. అతని ఉద్యోగం నిలబడినందుకు సంతోషంగానే ఉంది, కానీ ఒక్కటి మింగుడు పడలేదు. మూడు వారాలు నా బల్ల మీద పడుకుని, నేను అడిగినా నాతో అనలేకపోయిన మాటను, అతను మొహం తెలియని అరవై మందితో, ఉద్యోగం తీసేస్తానన్న మనిషి ముందు నిలబడి అనేశాడు. వాళ్లందరికన్నా నేనే భయంకరంగా కనిపించాను అతనికి.

క్లినిక్‌కు వచ్చేసరికి నా గదిలో ఒక పెద్దావిడ ఎదురుచూస్తోంది. పంజాగుట్ట నుంచి వస్తుంది, మోకాళ్ల నొప్పి, రెండేళ్లుగా నా పేషెంటు. బాగానే ఉందమ్మా అనడం తప్ప ఆవిడ నోట మరో మాట వినలేదు. అలవాటుగా చీర మోకాళ్ల దాకా జరుపుకుని, బల్ల అంచు పట్టుకుని సిద్ధంగా కూర్చుంది. నేను సూదుల ట్రే అవతల పెట్టి, కుర్చీ లాక్కుని ఆవిడ ఎదురుగా కూర్చున్నాను.

"అమ్మా, నేను సూది వేస్తే మీకు ఎలా ఉంటుంది?"

ఆవిడ నా మొహంలోకి చూసింది. తలుపు వైపు చూసింది. మళ్లీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి అడిగింది.

"కోప్పడవు కదా తల్లీ?"